కరక్కాయ నీళ్ళలో ఇనుము కలిపితే నల్లబడుతోంది గానీ జెల్ కావట్లేదు, ఏం చేయాలి?

కలంపుల్ల (శ్రీకాళహస్తి) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది కాళాస్త్రి, కలంకారీ ఇల్లు. నాన్న, మేనత్త ఇద్దరూ బొమ్మలు వేస్తారు. నాకు గీత అబ్బలేదు గానీ రంగులు కాచడం, గుడ్డ తడిపి ఆరేయడం చిన్నప్పటి నుంచీ అలవాటైన పనే.

ప్రాజెక్టుకి మా గైడ్ మేడమ్ ఇచ్చిన టాపిక్, మొక్కల్లో దొరికే పాలీఫినాల్స్‌ని లోహ అయాన్లతో కలిపి జెల్ చేయడం. టానిక్ యాసిడ్ ద్రావణంలో టైటానియం ద్రావణం పోసి కలిపితే గడ్డకడుతుందనీ, సీసా తలకిందులు చేసినా జారదనీ ఆవిడ ఇచ్చిన పేపర్‌లో ఉంది. చదవగానే నాకు మా పెరడు గుర్తొచ్చింది. టానిన్ (ఆ పాలీఫినాల్స్‌లో ఒక రకం, వగరునిచ్చేది) కావాలంటే కరక్కాయ ఉంది, లోహం కావాలంటే కసిమి ఉంది. ఇంక కొనేదేముంది అనుకున్నా.

కసిమి తెలియని వాళ్ళ కోసం చెబుతున్నా: తుప్పు పట్టిన మేకులు, పాత గొళ్ళేలు, ఇనుప ముక్కలు కుండలో వేసి, బెల్లం, తాటిబెల్లం కలిపిన నీళ్ళు పోసి మూతకట్టి కొన్ని వారాలు వదిలేస్తారు. పైన నురగ కడుతుంది, మూత తీస్తే పుల్లటి వాసన. వడకడితే వచ్చే నీళ్ళు చూడ్డానికి నల్లగా ఏమీ ఉండవు, పల్చటి మట్టిరంగు. కరక్కాయ పొడి, గేదెపాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద కలంతో గీత గీస్తే మాత్రం చూస్తుండగానే నల్లబడుతుంది. నలుపంతా గుడ్డ మీదే పుడుతుంది.

ఇప్పుడు సమస్య. కరక్కాయ పొడి వేడినీళ్ళలో నానబెట్టి వడకట్టాను. చిక్కటి టీ రంగులో వచ్చింది. అందులో కసిమి పోస్తే క్షణంలో సిరా నలుపు. గంట తర్వాత చూస్తే అడుగున నల్లటి మడ్డి, పైన పల్చటి నీళ్ళు. సీసా వంచితే జారిపోతుంది. కసిమి ఎక్కువ పోస్తే మడ్డి ఎక్కువ వచ్చిందే తప్ప గడ్డ కట్టలేదు. ల్యాబ్‌లోని ఫెర్రిక్ క్లోరైడ్ (ఇనుము లవణం)తో చేస్తే ఇంకా తొందరగా విరిగింది. టైటానియం కెమికల్ తెప్పించమంటే ల్యాబ్‌లో "బడ్జెట్ లేదమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఇనుముతో జెల్ రాదా? టైటానియమే కావాలా? ఇంట్లో, ఊళ్ళో దొరికే వాటితో గట్టెక్కే దారి ఏదైనా ఉందా? రివ్యూ దగ్గరపడుతోంది, బాగా టెన్షన్‌గా ఉంది.

రేణిగుంట స్కాలర్

హాయ్. నేను పాలిమర్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా. ముందు ఒక విషయం: మీకు వచ్చిన నలుపు, పేపర్‌లోని జెల్, రెండింటికీ మూలం ఒకే కుటుంబం కెమిస్ట్రీ. 2013లో మెల్బోర్న్ యూనివర్సిటీలో ఫ్రాంక్ కరూసో బృందం టానిక్ యాసిడ్, ఫెర్రిక్ అయాన్లు నీళ్ళలో కలిపి, ఏ వస్తువు ముంచితే దాని మీద పది నానోమీటర్ల మందాన పొర కట్టించింది. ప్లాస్టిక్ గుళికలు, గాజు, బంగారం, దేనిమీదైనా పడుతుంది. 2016లో అదే బృందం టానిక్ యాసిడ్‌కి టైటానియం గానీ జిర్కోనియం గానీ కలిపి జెల్ చేసింది. మీ మేడమ్ ఇచ్చింది బహుశా ఆ వరసలోదే.

టానిక్ యాసిడ్‌లోని గాలిక్ యాసిడ్ ముక్కలో పక్కపక్కన ఉన్న హైడ్రాక్సిల్స్ (ఆక్సిజన్-హైడ్రోజన్ గుంపులు) జంటగా లోహాన్ని పట్టుకుంటాయి. ఫెర్రిక్ అయాన్ చుట్టూ ఆరు చోట్లుంటాయి కాబట్టి గరిష్ఠంగా మూడు జంటలు పడతాయి. కానీ అది పిహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత, ఏడుకన్నా తక్కువైతే ఆమ్లం) మీద ఆధారపడి ఉంటుంది. బాగా ఆమ్లంగా ఉంటే ఒక్కటే జంట, మధ్యలో రెండు, ఏడు దాటాక మూడు. ఒక్క జంటే పట్టుకుంటే లింకు ఏర్పడదు కదా. మీ కసిమిలో అసిటిక్ యాసిడ్ ఉంటుంది, కరక్కాయ నీళ్ళు కూడా పులుపే. పిహెచ్ ఎంతో చూశారా?

టైటానియం కోసం పెయింటు షాపుకి వెళ్ళకండి. మా జూనియర్ ఒకడు తెల్ల రంగులో వాడే టైటానియం డయాక్సైడ్ పొడి తెచ్చాడు. అది నీళ్ళలో కరగదు, అయాన్లు ఇవ్వదు. టైటానియం టెట్రాక్లోరైడ్ జోలికి అసలే పోవద్దు, గాలి తగిలితేనే పొగలు కక్కుతుంది. ఆ జెల్స్‌కి వాడేది లాక్టేట్ (లాక్టిక్ యాసిడ్ రూపం) పట్టుకుని ఉన్న టైటానియం, నీళ్ళలో ద్రావణంగా అమ్ముతారు.

పళ్ళసెట్టు మాస్టారు (చిత్తూరు)

అమ్మాయ్, నేను చిత్తూరులో చాలా ఏళ్ళు డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు ఖాళీ కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తా, ఓపిగ్గా చదువు.

పై అబ్బాయి చెప్పిన పిహెచ్ సంగతి నిజమే. కానీ పిహెచ్ సరిచేసినంత మాత్రాన నీ మడ్డి జెల్ అయిపోదు. అసలు చిక్కు ఇంకోటి. మీ నాన్నకి కావాల్సిందీ, నీకు కావాల్సిందీ ఒకదానికొకటి ఎదురు. కలంకారీకి కావాల్సింది ఆ మడ్డే! దారపు పోగుల సందుల్లోకి కసిమి దిగాలి, అక్కడున్న కరక్కాయతో కలిసి వెంటనే కరగని నల్లపదార్థం అయిపోవాలి, స్వర్ణముఖిలో ఎంత ఉతికినా బయటికి రాకూడదు. తొందరగా, గట్టిగా, నీళ్ళని బయటికి తోసేసి ముద్దకట్టడమే దాని గొప్ప. వందల ఏళ్ళుగా ఆ పని అలా కుదిరేలాగే మీవాళ్ళు కసిమిని తీర్చిదిద్దుకున్నారు. నువ్వేమో అదే సరుకు పట్టుకొచ్చి నీళ్ళని లోపల పట్టుకుని కూర్చోమంటున్నావు. అది ఎందుకు వింటుంది?

జెల్ అంటే సీసా ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తెగకుండా సాగే ఒక అల్లిక. అందులో నూటికి తొంభై పైన నీళ్ళే ఉంటాయి. అల్లిక సన్నగా, పల్చగా, అన్ని వైపులకీ పాకాలంటే ముడులు నిదానంగా పడాలి. టానిక్ యాసిడ్ అణువులో మధ్యన ఒక గ్లూకోజ్, దాని చుట్టూ పది దాకా గాలిక్ ముక్కలు. ఫెర్రిక్ ఇనుము వచ్చి పడగానే పక్కన ఏది దొరికితే దాన్ని పట్టేసుకుంటుంది, ఎక్కువగా అదే అణువులోని చేతుల్నే ఒకదానికొకటి కట్టేస్తుంది. బయటికి చాచాల్సిన చేతులు లోపలే ముడిపడ్డాక ఇంక అల్లిక ఎక్కడిది? ముద్దలు ముద్దలుగా కిందికి దిగుతుంది. నువ్వు కసిమి ఎక్కువ పోసినప్పుడు మడ్డి పెరిగింది అందుకే. టైటానియం దగ్గర తేడా ఏమిటంటే, ముందే లాక్టేట్ పట్టుకుని ఉంటుంది కాబట్టి టానిన్‌కి ఒక్కసారిగా దొరకదు, ఒక్కో చేతినీ వదిలించుకుంటూ రావాలి. అయాన్ బలం ఎంత అన్నది ఎంత ముఖ్యమో, ఎంత మెల్లగా చేతికి దొరుకుతుందన్నదీ అంతే ముఖ్యం. పిల్లలు ఈ రెండోది పట్టించుకోరు, పుస్తకాలు కూడా సరిగా చెప్పవు.

ఇంకో మాట. కరక్కాయ నీళ్ళంటే టానిక్ యాసిడ్ కాదు. కరక్కాయలో ఉండేవి ప్రధానంగా చెబులాజిక్, చెబులినిక్ యాసిడ్‌లు. ఇవి టానిక్ యాసిడ్ కన్నా చిన్నవి, చేతులు తక్కువ. వాటితోపాటు విడి గాలిక్ యాసిడ్ కూడా దిగుతుంది. దానికి పట్టు ఒక్క పక్కే. ఇనుము మీద ఒక చోటు ఆక్రమించి కూర్చుంటుంది, రెండో వైపు ఎవరికీ చెయ్యివ్వదు. లింకు అక్కడితో ఆగిపోతుంది. నువ్వు పొడిని ఎంత ఎక్కువసేపు మరిగిస్తే పెద్ద అణువులు విరిగి అంత ఎక్కువ గాలిక్ యాసిడ్ వస్తుంది. మరిగించవద్దు, గోరువెచ్చటి నీళ్ళు చాలు.

కసిమి గురించి కూడా చెప్పాలి. బెల్లం పులిసి సారా, సారా పులిసి వెనిగర్, ఆ వెనిగర్‌లో ఇనుము కరిగితే ఫెర్రస్ అసిటేట్. ఫెర్రస్ రూపం టానిన్‌తో కలిసినా పెద్దగా రంగివ్వదు. గాలి తగిలి ఫెర్రిక్ అయ్యాకే నలుపు. గీత గీశాక నల్లబడటం అందుకే. కుండ కుండకీ అందులో ఇనుము ఎంతుందో మారిపోతుంది. గుడ్డకి అది పర్వాలేదు, మీ నాన్న చూపుతోనే సరిచూసుకుంటాడు. కానీ వైవాలో "లోహం గాఢత ఎంతమ్మా?" అని ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే పరీక్షకుడు) అడిగితే కుండ చూపించలేవు కదా. కొలతలకి ఫెర్రిక్ క్లోరైడ్ వాడు, కసిమిని పోలిక కోసం ఒక కాలమ్‌లో పెట్టు. మీ ఇంటి పేరు నిలబడుతుంది.

ఇక దారి. మొన్న పళ్ళసెట్టు కట్టించుకున్నా, అందుకే ఈ పేరు. డాక్టరమ్మ ఒక గులాబీ పొడి నీళ్ళలో గిరగిరా కలిపి, ట్రేలో వేసి నోట్లో కుక్కింది. రెండు నిమిషాలు జావలా ఉండి, చెప్పినట్టు టక్కున రబ్బరైపోయింది. నోరు ఖాళీ కాగానే ఆవిణ్ణి అడిగా, ఇది ఆల్జినేట్ కదా అని. ఆవిడ నవ్వింది. ఆ పొడిలో సముద్రపు గోధుమరంగు నాచు నుంచి తీసిన సోడియం ఆల్జినేట్, దాన్ని గట్టిపరచడానికి కాల్షియం సల్ఫేట్, వీటితో పాటు కాస్త సోడియం ఫాస్ఫేట్ ఉంటాయి. కాల్షియం మొదట ఫాస్ఫేట్ వెంట పోతుంది. ఫాస్ఫేట్ అయిపోయాకే ఆల్జినేట్ వైపు తిరుగుతుంది. ఆ కాస్త ఆలస్యమే డాక్టరుకి ట్రే నోట్లో పెట్టే టైము. నిదానం ఎందుకు కావాలో నీకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఆల్జినేట్ గొలుసులో గులురోనిక్ యాసిడ్ వరసగా వచ్చే చోట్ల గుంటలు ఏర్పడతాయి. రెండు గొలుసులు ఎదురెదురుగా వచ్చి ఆ గుంటల మధ్య కాల్షియం అయాన్లని ఇరికించుకుంటాయి. 1973లో దీనికి గుడ్ల అట్ట నమూనా అని పేరు పెట్టారు, అట్టలో గుడ్లు కూర్చున్నట్టు ఉంటుందని. మెగ్నీషియం ఆ గుంటల్లో నిలవదు, జెల్ కట్టదు. అదొక కంట్రోల్ ప్రయోగం (పోలిక కోసం చేసేది) నీకు ఉచితంగా వచ్చినట్టే.

నా సలహా: ఇనుముతో అల్లిక కట్టించాలని పంతం పట్టొద్దు. అల్లిక పని కాల్షియం, ఆల్జినేట్‌లకి అప్పగించు. కరక్కాయని అందులో కూర్చోబెట్టు. ఇనుముని చివర్లో రానీ. అప్పుడు నలుపు ముద్దకట్టడానికి చోటుండదు, ఉన్నచోటే ఉండిపోతుంది. టాపిక్ మారదు: మొక్క పదార్థమూ ఉంది, లోహ అయాన్లు ఒకటికి రెండున్నాయి, జెల్ కూడా ఉంది.

చేసే పద్ధతి రాస్తా. నూరు మిల్లీలీటర్ల నీళ్ళకి రెండు గ్రాముల సోడియం ఆల్జినేట్. ఒక్కసారి కుమ్మరిస్తే పైపైన జిగురుపొర కట్టి లోపల పొడి పొడిగానే ఉండిపోతుంది. నీళ్ళు తిరుగుతుండగా చిటికెడు చిటికెడుగా చల్లి, రాత్రంతా వదిలెయ్. నీళ్ళు డిస్టిల్డ్‌వే వాడాలి. మన బోరు నీళ్ళు వాడావంటే అందులో ఉన్న కాల్షియమే నీకన్నా ముందు పని మొదలుపెడుతుంది, జావ కాస్తా ఉండలు కడుతుంది. కరక్కాయ నీళ్ళ పులుపుకి కూడా ఆల్జినేట్ తెట్టుకట్టే ప్రమాదముంది కాబట్టి, ముందే కొద్దికొద్దిగా వంటసోడా వేసి పిహెచ్ ఆరు దగ్గరికి తీసుకురా. ఏడు దాటనివ్వకు, గాలికి టానిన్ పాడై గోధుమరంగు ముదిరిపోతుంది. తర్వాత రెండూ సమానంగా కలిపి, సూది తీసేసిన సిరంజిలోకి లాగి, రెండు శాతం కాల్షియం క్లోరైడ్‌లోకి చుక్కలు వదులు. పడిన చుక్క పడినట్టే పూస అవుతుంది. అరగంట ఉంచి, కడిగి, బాగా పల్చటి ఫెర్రిక్ క్లోరైడ్‌లో వెయ్. ఒక్కో పూసా ఎన్ని నిమిషాలు ఉందో రాసుకుంటూ తీసి, బ్లేడుతో సగానికి కొయ్. ఏం కనబడుతుందో నేను చెప్పను.

తోతాపురి

మాస్టారికి నమస్కారం. నేను చిత్తూరు పక్క మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్‌లో చేస్తా. నాచు దాకా పోకుండా మన తొక్కలతో పనవుతుందేమో అని చెబుదామని వచ్చా. సీజన్లో తోతాపురి తొక్క కుప్పలు కుప్పలుగా పడుంటుంది, అందులో పెక్టిన్ (జామ్‌ని గడ్డకట్టించే జిగురు పదార్థం) ఉంటుంది.

కాకపోతే ఒక మెలిక. పెక్టిన్‌లో రెండు రకాలు. మిథైల్ ఎస్టర్లు (గొలుసులోని ఆమ్ల చోట్లని మూసేసే గుంపులు) సగానికన్నా ఎక్కువ ఉంటే దానికి కాల్షియంతో పని లేదు, చక్కెర బాగా ఎక్కువ, పులుపు ఉంటేనే గడ్డకడుతుంది. జామ్ అలాగే అవుతుంది. సగానికన్నా తక్కువ ఉంటే చక్కెర అక్కర్లేదు, కాల్షియం పడితే చాలు. మామిడి తొక్క నుంచి మామూలుగా వచ్చేది మొదటి రకం. దాన్ని రెండో రకం చేయాలంటే చల్లగా ఉంచి క్షారంతో కాస్త ఎస్టర్లు ఊడగొట్టాలి. ప్రాజెక్టుకి టైముంటే చేసుకోవచ్చు చెల్లెమ్మా. రివ్యూ దగ్గరుందంటున్నావు కాబట్టి మాస్టారు చెప్పిందే చెయ్. తొక్కలు కావాలంటే మటుకు వచ్చే సీజన్లో చెప్పు, బస్తా పంపిస్తా, మాకు అవి పారబోయడమే పెద్ద తలనొప్పి.

పీలేరు పిల్లోడు

నాకు కెమిస్ట్రీ రాదు గానీ ఒక డౌటు. చిన్నప్పుడు గొర్రెల ఎంట పోయినప్పుడు దూసరితీగ ఆకు దూసుకొచ్చి, గిన్నెలో నీళ్ళు పోసి పిసికేవాళ్ళం. ఆకు పిప్పి తీసేసి నీడన పెడితే కాసేపటికి పచ్చగా గడ్డకట్టేది. స్పూన్‌తో కోసుకుని బెల్లం వేసుకుని తినేవాళ్ళం, కడుపులో చల్లగా ఉండేది. పొయ్యి లేదు, కెమికల్ లేదు. అదీ ఇదేనా?

పళ్ళసెట్టు మాస్టారు (చిత్తూరు)

నాయనా పిల్లోడా, కెమిస్ట్రీ రాదంటూనే అసలైన ప్రశ్న వేశావు. దూసరితీగ కుటుంబానికే చెందిన ఇంకో తీగ ఆకుని థాయిలాండ్‌లో అచ్చం నువ్వు చెప్పినట్టే పిసికి, గడ్డకట్టించి తింటారు. ఆ ఆకులోంచి తీసిన జిగురుని పరీక్షిస్తే పెక్టిన్ అని తేలింది, అదీ తోతాపురి చెప్పిన రెండో రకం, కాల్షియంతో గట్టిపడేది.

నీ ఆకు సంగతి నువ్వే తేల్చు. మూడు గిన్నెలు తీసుకో. ఒకదాంట్లో బోరు నీళ్ళు, ఒకదాంట్లో డిస్టిల్డ్ నీళ్ళు, మూడోదాంట్లో డిస్టిల్డ్ నీళ్ళకి కాస్త సోడియం సిట్రేట్. సిట్రేట్ లేకపోతే నిమ్మ ఉప్పు నీళ్ళలో, బుసబుస ఆగిపోయేదాకా వంటసోడా వేస్తే అదే తయారవుతుంది. సిట్రేట్ కాల్షియాన్ని పట్టుకుని వదలదు. మూడో గిన్నె ఒక్కటే గడ్డకట్టకపోతే, ఆకు తనతో పాటు కాల్షియం కూడా తెచ్చుకుందని అర్థం. మూడూ ఒకేలా కడితే నా ఊహ తప్పు. ఫొటోలు పెట్టు.

మదనపల్లె రాజా

మాస్టారూ, మా నాయనకి షుగర్. కాలికి పుండు మానట్లేదు. కరక్కాయ పుండ్లకి మంచిదంటారు కదా, పై జెల్ చేసి కట్టొచ్చా?

పళ్ళసెట్టు మాస్టారు (చిత్తూరు)

వద్దు. ఇంట్లో చేసిన జెల్ శుభ్రంగా కనబడుతుంది గానీ స్టెరైల్ కాదు. తొంభై శాతం నీళ్ళు, పైగా నాచు పిండిపదార్థం, క్రిములకి విందుభోజనం. ఆస్పత్రుల్లో కాల్షియం ఆల్జినేట్ డ్రెస్సింగులున్న మాట నిజం. పుండులోని తడిలో ఉన్న సోడియం తీసుకుని కాల్షియం వదులుతూ అవి మెత్తటి జెల్ అవుతాయి. కానీ ఏ పుండుకి అది పనికొస్తుందో చూసి చెప్పాల్సింది డాక్టరు. షుగర్ ఉన్న కాలు విషయంలో రేపు మాపు అనకుండా ఈరోజే తీసుకెళ్ళు.

రేణిగుంట స్కాలర్

ఇదే సందర్భంలో ఇంకోటి: ఇంట్లో ఎవరైనా ఐరన్ మాత్రలు వేసుకుంటుంటే టీతో వేసుకోనివ్వకండి. టీలోని టానిన్లు ఇనుముని కడుపులోనే పట్టేసుకుంటాయి, ఒంటికి అందేది తగ్గిపోతుంది. మా అమ్మకి ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పానో.

కలంపుల్ల (శ్రీకాళహస్తి)

సార్, చేశాను! ఆల్జినేట్ మా సీనియర్ అక్క దగ్గర మిగిలింది దొరికింది. మొదట చుక్కలకి తోకలు వచ్చాయి, కప్పపిల్లల్లా ఉన్నాయని మేనత్త ఒకటే నవ్వు. సిరంజి కాస్త ఎత్తున పట్టుకుని, కరక్కాయ ద్రావణం ఇంకొంచెం కలిపి పల్చన చేశాక గుండ్రంగా వచ్చాయి. తేనెరంగు పూసలు, వెలుతురుకి పెడితే అవతల వేలు కనబడుతోంది.

ఫెర్రిక్ క్లోరైడ్‌లో వేశాక కోసి చూశాను. చుట్టూ నల్లటి అంచు, మధ్యలో ఇంకా తేనెరంగే! ఇంకా సేపు ఉంచిన దాంట్లో అంచు మందంగా ఉంది, చివరికి మొత్తం నలుపు. మడ్డి లేదు, నీళ్ళు తేటగానే ఉన్నాయి. కోసిన ముక్క మీద నిమ్మరసం చుక్క వేస్తే ఆ మేరకు నలుపు విరిగి పాలిపోయింది. ఇది మాత్రం కొత్త కాదు, చేతులకి అంటిన కసిమి మరకలు మేం నిమ్మచెక్కతోనే రుద్దుకుంటాం. నాన్న ఒక పూసని కోసిన చోట వేలితో నొక్కి చూసి, "గుడ్డ లేకుండానే అద్దకం వేశావే" అన్నారు. కసిమిలో కూడా వేశాను. నల్లబడింది గానీ చాలా ఆలస్యంగా, అదీ బయటికి తీసి గాలికి పెట్టాక.

రెండు సందేహాలున్నాయి. కాల్షియం నీళ్ళలో అరగంట ఉంచినప్పుడు ఆ నీళ్ళు టీ రంగుకి తిరిగాయి. కరక్కాయ బయటికి వచ్చేస్తున్నట్టేనా? ఇంకోటి, నల్లబరచని పూసల్ని మా ఫ్రెండ్ సలహాతో ఫాస్ఫేట్ బఫర్ (పిహెచ్ మారకుండా ఉంచే ద్రావణం)లో దాచాను. పొద్దున చూస్తే ఉబ్బి, ముట్టుకుంటే చితికిపోయాయి. ఎందుకు?

పళ్ళసెట్టు మాస్టారు (చిత్తూరు)

భేష్. మీ నాన్న మాట రిపోర్టులో రాసుకో, నా పేరాలన్నిటికన్నా అదే బాగుంది.

మొదటిది: అవును, కారిపోతోంది. ఆల్జినేట్ అల్లికలో సందులు పెద్దవి, గాలిక్ యాసిడ్ లాంటి చిన్న అణువులు ఇట్టే జారిపోతాయి. దాన్నే కొలతగా మార్చు. నల్లబరచని పూసలు, నల్లబరచిన పూసలు విడివిడిగా నీళ్ళలో వేసి, గంట గంటకీ ఆ నీళ్ళని కలరీమీటర్ (రంగు గాఢతని కొలిచే పరికరం)లో చూడు. ఇనుము టానిన్‌ని లోపలే కట్టేసిందా లేదా అన్నది నీకు అంకెల్లో వస్తుంది. నీ ప్రాజెక్టుకి గుండెకాయ అదే. నల్ల అంచు మందాన్ని కూడా ఫోన్ కెమెరాతో, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి కొలువు. మందం టైముతో సమానంగా పెరగదు, మొదట్లో త్వరగా, తర్వాత నెమ్మదిగా పెరుగుతుంది. టైము వర్గమూలానికి ఎదురుగా గ్రాఫ్ గీస్తే మొదటి భాగం సరళరేఖకి దగ్గరగా రావాలి. ఇనుము లోపలికి వ్యాపిస్తూ, దారిలో దొరికిన టానిన్‌నీ, ఆల్జినేట్‌నీ పట్టుకుంటూ పోతోందనడానికి అది సాక్ష్యం. ఫెర్రిక్ ఇనుము ఆల్జినేట్‌ని కూడా ముడివేస్తుందని మర్చిపోకు, ఎక్స్‌టర్నల్ అక్కడే పట్టుకుంటాడు. కరక్కాయ లేని ఉత్త పూసల్ని కూడా ఇనుములో వేసి చూపించు. అవి నల్లగా కాదు, తుప్పు పసుపుకి తిరుగుతాయి. నలుపు టానిన్ వల్లేనని తేలిపోతుంది.

రెండోది: నా పళ్ళ డాక్టరమ్మ గులాబీ పొడిలో ఫాస్ఫేట్ చేసిన పనే నీ బఫర్ చేసింది. గుంటల్లోంచి కాల్షియాన్ని లాగేసుకుంది, పైగా బఫర్ నిండా సోడియం, అది వెళ్ళి ఆ ఖాళీలో కూర్చుంది. ముడులు ఊడిపోయాయి. పూసల్ని ఫాస్ఫేట్‌లో గానీ సిట్రేట్‌లో గానీ దాచకు. డిస్టిల్డ్ నీళ్ళలో కొద్దిగా కాల్షియం క్లోరైడ్ వేసి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టు, డీప్ ఫ్రీజర్‌లో వద్దు. బూజు రాకముందే కొలతలు ముగించెయ్. చితికినవి పారెయ్యకు, ఒక సీసాలో ఉంచి రివ్యూకి తీసుకెళ్ళు, కాల్షియం పోతే ఏమవుతుందో చూపించడానికి పనికొస్తాయి.